ఏడు తీగల గిటార్ + గొంతు, ఒకే టేకు: ఏడో తీగ గదిలో మోత, ఫోన్‌లో మాయం

ఏడోతీగ:

అందరికీ నమస్తే. జాజ్ ఛాయ ఉన్న బ్లూస్ పాడుతూ వాయిస్తూ ఇంట్లోనే రికార్డు చేయాలి. బేస్ వేరేగా వాయించి అతికించడం వద్దు. బొటనవేలితో బేస్, మిగతా వేళ్ళతో కార్డులు (ఒకేసారి మోగే స్వరాల కట్టలు), పైన పాట, అన్నీ ఒకే టేకులో రావాలి.

గిటార్ సెమీ హాలో (లోపల కొంత డొల్ల ఉన్నది), స్కేల్ (తీగ మోగే పొడవు) 25.5 అంగుళాలు, రెండు హంబకర్లు (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే రెండు చుట్టల పికప్‌లు). ఏడో తీగ మందం 0.075 అంగుళం, 'ఎ'కి శృతి. పై ఆరు తీగలు ఫ్లాట్‌వౌండ్ (నున్నటి చుట్టు), ఏడోది రౌండ్‌వౌండ్ (గరుకు చుట్టు). రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్‌లో ఒకదానికి గిటార్ నేరుగా వెళ్తుంది, రెండోదానికి కార్డియాయిడ్ కండెన్సర్ మైక్ (ముందు వైపే ఎక్కువగా వినే, సున్నితమైన రకం). గది 10 x 12 అడుగులు, సీలింగ్ 10 అడుగులు, సిమెంటు గోడలు, టైల్స్ నేల.

ఇబ్బందులు ఇవి. ఏడో తీగ ఓపెన్‌గా మీటినా, ఐదో ఫ్రెట్‌లో 'డి' మీటినా స్పీకర్లలో గదంతా మోగుతుంది, పక్క స్వరాలు మాత్రం మామూలుగానే ఉంటాయి. అదే రికార్డింగ్ ఫోన్‌లో వింటే బేస్ అసలు లేదు. గిటార్ ట్రాక్, గొంతు ట్రాక్ విడివిడిగా బాగున్నాయి, కలిపితే గిటార్ డొల్లగా, ముక్కుతో పలికినట్టు వస్తోంది. వీటికి తోడు సన్నగా హమ్ (కరెంటు గుయ్‌మనే శబ్దం). దాన్ని ఈక్యూతో (ఏ స్థాయి శబ్దం ఎంత వినపడాలో సర్దే సాధనం) తీసేయబోతే ఏడో తీగ కూడా పలచబడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

---

మంద్రస్థాయి:

ముందు ఆ మోత సంగతి తేల్చుకోండి. మీ రికార్డింగ్‌లో అది లేదు, మీ గదిలో ఉంది.

శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 10 అడుగులంటే 3.05 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య సగం తరంగం సరిగ్గా ఇమిడే స్వరం 343 ÷ 6.1, అంటే 56 హెర్ట్జ్ (సెకనుకి 56 కంపనాలు). మీ ఏడో తీగ 'ఎ' 55 హెర్ట్జ్. వెడల్పూ ఎత్తూ రెండూ 10 అడుగులే కాబట్టి ఒకే స్వరం దగ్గర రెండు మోతలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. ఇక 12 అడుగుల వైపు 47 హెర్ట్జ్. ఈ 47, ఆ 56 కలిసి నాలుగు గోడల మధ్య తిరిగే మోత 73 హెర్ట్జ్ దగ్గర వస్తుంది (రెండు సంఖ్యల వర్గాల మొత్తానికి వర్గమూలం). ఐదో ఫ్రెట్ 'డి' ఎంతో తెలుసా, 73.4. 'ఎ' బ్లూస్‌లో మొదటి కార్డుకీ నాలుగో కార్డుకీ మూల స్వరాలు ఇవే. గదిని ఎవరో మీ పాటకి శృతి చేసి పెట్టినట్టుంది.

దీన్ని నిర్ధారించుకోవడం సులువు. ఏడో తీగ మీద ఓపెన్ నుంచి ఏడో ఫ్రెట్ దాకా ఒక్కో స్వరాన్నీ ఒకే బలంతో మీటి రికార్డు చేయండి. వినొద్దు, మీటర్ మాత్రం చూడండి. స్వరాల మధ్య తేడా 2, 3 డీబీలకు (శబ్దం బలానికి కొలత) మించకపోతే గిటార్ తప్పు లేదు, గదిదే. మీటర్‌లోనే ఏదైనా స్వరం ఎగిరిపడుతుంటే అప్పుడు పికప్ ఎత్తు చూడాలి. చివరి ఫ్రెట్‌లో తీగ నొక్కి పట్టుకుని, ఏడో తీగ అడుగు నుంచి పికప్ పైభాగానికి 3 మిల్లీమీటర్ల ఎడం ఇవ్వండి. లావు తీగ పికప్‌కి మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం దాన్ని లాగి శృతిని ఊగిస్తుంది, మిగతా తీగలకంటే గట్టిగా కూడా వినిపిస్తుంది.

గోడలకి అంగుళం మందం ఫోమ్ అంటించి ఈ మోత పోతుందనుకోకండి. 55 హెర్ట్జ్ తరంగంలో పావు వంతే ఒకటిన్నర మీటర్లు ఉంటుంది. గదిని మార్చలేం కాబట్టి వినే చోటు మార్చండి. గోడకి ఆనుకుని కూర్చుంటే ఆ స్వరం రెట్టింపు వినిపిస్తుంది. సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే దాదాపు వినపడదు. గోడ నుంచి మూడో వంతు దూరంలో కూర్చోండి. 100 హెర్ట్జ్ కింద ఏ నిర్ణయమైనా హెడ్‌ఫోన్లలోనే తీసుకోండి. స్పీకర్లలో వింటూ 55 దగ్గర కోశారంటే ఫోన్‌లో బేస్ ఇంకా పోతుంది. ఇప్పటికే జరిగింది అదేనేమో చూసుకోండి.

ఫోన్ స్పీకర్ 55 హెర్ట్జ్‌ని ఎలాగూ పలికించలేదు. దాని రెట్లు 110, 165, 220 వినిపిస్తే చాలు, కింది స్వరాన్ని చెవి తనంతట తాను కల్పించుకుంటుంది. ఆ రెట్లు గట్టిగా రావాలంటే బొటనవేలితో మీటే చోటుని బ్రిడ్జి వైపు రెండు అంగుళాలు జరపండి. మిక్సింగ్‌లో ఏ ప్లగిన్ పెట్టినా ఈ రెండంగుళాలంత సహజంగా రాదు.

---

టంకం:

హమ్ గురించి. మన కరెంటు 50 హెర్ట్జ్, మీ తీగ 55. వెడల్పాటి ఈక్యూతో 50ని కోస్తే 55 కూడా దానితో పోతుంది. పలచబడడానికి కారణం అదే. సరే, బాగా ఇరుకైన నాచ్ (ఒక్క చోటే కోసే ఫిల్టర్) పెడదాం అంటే అది తానే మోగడం మొదలుపెడుతుంది. క్యూ (ఇరుకుదనం) 30 పెట్టిన నాచ్ ప్రతి స్వరం మొదట్లో దాదాపు 0.2 సెకన్ల పాటు తోకలా సాగుతుంది, బొటనవేలి దెబ్బ మొద్దుబారుతుంది. పైగా హమ్ 50తో ఆగదు, 100, 150, 250 దగ్గర కూడా ఉంటుంది. 98 'జి', 147 'డి', 247 'బి', అన్నీ మీ కార్డుల్లోని స్వరాలే. కాబట్టి హమ్‌ని పుట్టేచోటే ఆపాలి. (అమెరికాలో ఉండి ఏడో తీగని 'బి'కి పెట్టుకునేవాళ్ళ బాధ ఇంకా ఎక్కువ. అక్కడి కరెంటు 60, 'బి' 61.7. రెండూ కలిసి సెకనుకి దాదాపు రెండుసార్లు ఊగుతాయి.)

వరసగా ఇలా చూడండి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. హమ్ ఆగితే దొంగ చార్జరే. టేకు ఉన్నంతసేపూ బ్యాటరీ మీదే ఉంచండి. ఆగకపోతే, తీగల మీద చెయ్యి పెట్టినప్పుడు తగ్గి, తీసినప్పుడు పెరుగుతుందేమో చూడండి. అలా అయితే గిటార్ లోపల షీల్డింగ్ సరిగ్గా లేదు. సెమీ హాలోలో లోపలంతా రాగి రేకు అంటించడం కుదరదు. అందుకని పికప్ నుంచి వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ గుండీ కింది భాగం) దాకా, అక్కణ్ణుంచి జాక్ దాకా షీల్డెడ్ వైరే ఉందో లేదో చూసి, లేకపోతే మార్పించాలి. రెండిటికీ లొంగకపోతే ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్ ఉన్న లైట్లు ఒక్కొక్కటే ఆపి చూడండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద రికార్డు చేయొద్దు. ప్యూర్ సైన్ కాని ఇన్వర్టర్ ఇచ్చేది హమ్ కాదు, గరగర. దానికి మందు లేదు. కుర్చీ దిశ కూడా లెక్కలోకి వస్తుంది. గిటార్ పట్టుకుని కూర్చున్నచోటే నెమ్మదిగా చుట్టూ తిరిగితే ఒక దిశలో హమ్ బాగా పడిపోతుంది. నేలమీద టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి.

ఇది మాత్రం తప్పకుండా చదవండి. హమ్ పోతుందని త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్తు పిన్ తీసేయడం, టూ పిన్ ఎడాప్టర్ పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. మీ చేతులు తీగల మీద, పెదవులు మైక్ జాలీ దగ్గర ఉంటాయి. రెండింటి మధ్య వోల్టేజీ తేడా ఉంటే షాక్ నేరుగా ముఖానికి కొడుతుంది. పాడే ముందు మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టి ఒక మొన తీగకి, ఇంకో మొన మైక్ జాలీకి ఆనించండి. దాదాపు సున్నా రావాలి. పదుల వోల్టులు చూపిస్తే ఎలక్ట్రీషియన్ వచ్చి ఇంటి ఎర్తింగ్ సరిచేసేదాకా ఆ సాకెట్ దగ్గర పాడొద్దు.

---

గళం:

గిటార్ డొల్లగా వినపడటానికి కారణం మైక్‌లోకి దూరుతున్న గిటార్. సెమీ హాలోకి సొంత గొంతు ఉంది, కేబుల్ లేకపోయినా వినిపిస్తుంది. అది అర మీటరు ప్రయాణించి మీ మైక్‌లో పడుతుంది. కేబుల్‌లో వచ్చే గిటార్ తక్షణం చేరుతుంది, గాలిలో వచ్చేది 1.46 మిల్లీసెకన్లు ఆలస్యం. రెండూ కలిసినప్పుడు 343 హెర్ట్జ్ దగ్గర మొదటి గుంట పడుతుంది, ఆ పైన 1029, 1715 దగ్గర ఇంకా గుంటలు. ముక్కు స్వరం అందుకే.

తాత్కాలిక వైద్యం ఒకటుంది. గిటార్ ట్రాక్‌ని 70 శాంపిళ్ళు (రికార్డింగ్‌లోని అతి చిన్న కాలపు ముక్కలు) ఆలస్యం చేయండి, రెండూ ఒకేసారి చేరతాయి. చూడకుండా 70 అని పెట్టేయకండి. టేకు మొదట్లో తీగలన్నీ అరచేత్తో మూసి ఒక్కసారి టక్కున కొట్టండి. రెండు ట్రాకుల్లోనూ ఆ మొన కనిపిస్తుంది, వాటి మధ్య దూరం కొలిచి అంతే జరపండి. టేకు మధ్యలో మీరు ముందుకీ వెనక్కీ ఊగితే ఈ లెక్క చెల్లదు.

అసలు వైద్యం మైక్ పెట్టే తీరులో ఉంది. కార్డియాయిడ్‌కి చెవుడు సరిగ్గా వెనక వైపు. నోటికి ఎదురుగా నేలకి సమాంతరంగా పెడితే దాని వీపు ఎదుటి గోడ వైపు ఉంటుంది, గిటార్ పక్కనుంచి హాయిగా వినపడుతుంది. మైక్‌ని గడ్డం ఎత్తుకి దించి, ముఖం నోటివైపు పైకి చూసేలా, వీపు గిటార్ వైపు కిందికి ఉండేలా వంచండి. ఇదొక్కటే చాలా తేడా తెస్తుంది.

ఫిగర్ 8 మైక్ దొరికితే ఇంకా మంచిది. అది ముందూ వెనకా వింటుంది, పక్కల నుంచి దాదాపు ఏమీ వినదు. పక్కనుంచి పాడే రకం మైక్‌లో దాని కింది కొన కూడా ఆ వినని తలంలోనే ఉంటుంది. కింది కొనని గిటార్ పన్నెండో ఫ్రెట్ వైపు గురిపెట్టి, ముఖం నోటివైపు ఉంచాలి. రెండు జాగ్రత్తలు. వెనక వైపు కూడా వింటుంది కాబట్టి మైక్ వెనక రెండడుగుల దూరంలో దూది పరుపు నిలబెట్టండి, లేకపోతే సిమెంటు గోడ తిప్పికొట్టే గొంతంతా వస్తుంది. దగ్గరగా పాడితే కింది స్వరాలు ఉబ్బడం కార్డియాయిడ్ కంటే ఇందులో ఎక్కువ. 20 సెంటీమీటర్ల దూరం పాటించి, 150 హెర్ట్జ్ కిందనంతా షెల్ఫ్ ఈక్యూతో 3 డీబీ తగ్గించండి. ఆ చోటు ఏడో తీగది, గొంతుకి అక్కడ పని తక్కువ.

తెలుగులో పాడేటట్టయితే ఇంకో మాట. భ, ధ, ఖ లాంటి ఒత్తక్షరాల గాలి ఒక్కసారిగా వచ్చి మైక్‌ని తంతుంది. పాప్ ఫిల్టర్ మైక్‌కి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టి, నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూల వైపు జరపండి.

---

టంకం:

గళం గారూ, ఫిగర్ 8 మంచిదే కానీ ఆ గదిలో కండెన్సర్ వీధిని కూడా వింటుంది. మామూలు స్టేజి డైనమిక్ మైక్ తీసుకుని రెండు అంగుళాల దూరంలో పాడితే గొంతు ఎంత దగ్గరో గిటార్ అంత దూరమైపోతుంది. మొదటి ప్రయత్నానికి ఖర్చు తక్కువ.

---

గళం:

ఒప్పుకుంటాను, వీధి మీది గదికి డైనమిక్కే మేలు. రెండు అంగుళాల దూరంలో తల కదలకూడదు, అదొక్కటే కష్టం. ఫ్రెట్‌బోర్డు వైపు చూసుకుంటూ పాడే అలవాటు ఉంటే ప్రతి మార్పుకీ గొంతు పలచబడుతుంది.

---

ఏడోతీగ:

చాలా స్పష్టంగా ఉంది, కృతజ్ఞతలు. చార్జర్ పీకగానే హమ్ సగం తగ్గింది. మిగిలింది ఒక సందేహం. బేస్‌నీ కార్డులనీ వేర్వేరుగా సర్దుకోవాలంటే ఒకే పికప్ నుంచి వచ్చిన ట్రాక్‌ని విడదీయొచ్చా?

---

మంద్రస్థాయి:

విడదీయొచ్చు, కొంతవరకు. దీనికి పాత చరిత్రే ఉంది. జాజ్‌లో ఏడో తీగని 'ఎ'కి పెట్టుకునే పద్ధతి జార్జ్ వాన్ ఎప్స్‌ది. ఎపిఫోన్ చేత 1930ల చివర్లో ఏడు తీగల గిటార్ చేయించుకున్నాడు. ఆ దారిలోనే బకీ పిజరెల్లి, ఆయన కొడుకు జాన్ వచ్చారు. పాడుతూ ఏడు తీగలు ఎలా వాయించాలో వినాలంటే జాన్ పిజరెల్లినే వినాలి. వీళ్ళంతా చేతి బలంతోనే బేస్‌ని విడిగా వినిపించారు. చార్లీ హంటర్ ఇంకో దారి పట్టాడు. రాల్ఫ్ నోవాక్ చేసిచ్చిన ఎనిమిది తీగల గిటార్‌లో బేస్ తీగలకీ గిటార్ తీగలకీ వేర్వేరు అవుట్‌పుట్లు. ఒకటి బేస్ ఆంప్‌కి, ఒకటి గిటార్ ఆంప్‌కి. అదే సరైన విభజన.

మీకున్న ఒక్క ట్రాక్‌తో అయితే ఇలా. గిటార్ ట్రాక్‌కి నకలు తీయండి. ఒకదాని మీద 180 హెర్ట్జ్ దగ్గర లో పాస్ (కింది స్వరాలనే పోనిచ్చే ఫిల్టర్), రెండోదాని మీద అక్కడే హై పాస్ (పై స్వరాలనే పోనిచ్చేది). రెండూ లింక్‌విట్జ్ రైలీ రకం (మళ్ళీ కలిపినప్పుడు సమంగా అతుక్కునే ఫిల్టర్లు), ఆక్టేవ్‌కి 24 డీబీ వాలు ఉండాలి. మామూలు ఈక్యూ ఫిల్టర్లు చెరో ట్రాక్‌కి పెడితే కలిసేచోట ఫేజ్ తిరిగిపోయి 180 చుట్టూ గుంట పడొచ్చు. గళం గారు చెప్పిన జబ్బే మళ్ళీ కొని తెచ్చుకున్నట్టు. మల్టీబ్యాండ్ ప్లగిన్ ఉంటే దాని విభజన వాడుకోవడం తేలిక.

కింది బ్యాండ్‌కి కంప్రెసర్ (గట్టి శబ్దాలని అణిచేది) 4:1, అటాక్ (పట్టుకునే సమయం) 25 మిల్లీసెకన్లు, రిలీజ్ (వదిలే సమయం) 120. లోతు 4, 5 డీబీలు దాటనివ్వకండి. అటాక్ ఇంకా తగ్గిస్తే బొటనవేలి దెబ్బ పోతుంది, దెబ్బ పోతే బేస్ నడక పోతుంది. దాని తర్వాత ట్యూబ్ లేదా టేప్ సాచురేషన్ (స్వరానికి రెట్లని చేర్చే మెత్తటి గరుకు) కొద్దిగా. ఫోన్‌లో బేస్ పలికేదాకా పెంచి, హెడ్‌ఫోన్లలో బొంగురు వినపడే ముందు ఆపాలి. హై పాస్ 35 హెర్ట్జ్. ప్రీసెట్లలో గిటార్‌కి 80 దగ్గర హై పాస్ ముందే పెట్టి ఉంటుంది, దాన్ని ఆపేయడం మర్చిపోకండి. 80 అంటే ఏడో తీగ మీద ఓపెన్ నుంచి ఆరో ఫ్రెట్ దాకా ఏడు స్వరాల మూలం పోయినట్టే.

తీగల తేడా కూడా సరిచేయండి. ఆరు ఫ్లాట్‌వౌండ్, ఏడోది రౌండ్‌వౌండ్ అంటే నడక ఏడో తీగ నుంచి ఆరోదానికి వెళ్ళినప్పుడు వేరే వాయిద్యం అందుకున్నట్టుంటుంది. 0.075 నుంచి 0.080 మధ్య ఫ్లాట్‌వౌండ్ తీసుకోండి. కొనేముందు ట్యూనర్ రంధ్రంలో పడుతుందో లేదో కొలవండి. నట్ గాడి ఇరుకైతే తీగ పైన కూర్చుని మొదటి ఫ్రెట్ స్వరాలన్నీ శృతి మించుతాయి. గాడిని తీగ మందం కంటే రవ్వంత వెడల్పుగా అరగదీయించాలి. లావు తీగని గట్టిగా మీటితే మొదటి క్షణంలో శృతి పైకి వెళ్ళి తర్వాత దిగుతుంది. అందుకే నెమ్మదిగా మీటి శృతి చూసుకుని గట్టిగా వాయిస్తే తప్పుతుంది. పాటలో ఎంత బలంతో మీటుతారో అంతే బలంతో మీటి శృతి చేయండి.

---

షఫుల్:

ఇదంతా సరే, వాయించే తీరులోనే గొంతుకి చోటు వదిలితే మిక్సింగ్‌లో సగం పని ఉండదు. మగ గొంతు అనుకుంటే పాట ఎక్కువగా 110 నుంచి 330 హెర్ట్జ్ మధ్య నడుస్తుంది. ఆరు తీగల బార్ కార్డు వేస్తే సరిగ్గా ఆ చోటంతా నిండిపోతుంది. బేస్ ఏడో తీగ చూసుకుంటోంది కాబట్టి కార్డులో మూల స్వరం, ఐదో స్వరం మళ్ళీ అక్కర్లేదు. మూడోది, ఏడోది చాలు.

'ఎ7'కి నాలుగో తీగ 5వ ఫ్రెట్, మూడో తీగ 6వ ఫ్రెట్. 'డి7'కి ఆ రెండు వేళ్ళూ ఒక ఫ్రెట్ కిందికి, 4 - 5. 'ఇ7'కి 'ఎ7' నుంచి ఒక ఫ్రెట్ పైకి, 6 - 7. బేస్ ఏడో తీగ మీద ఓపెన్, 5, 7. మొత్తం బ్లూస్ ఈ రెండు వేళ్ళ కింద ఉంది, బొటనవేలికి పూర్తి స్వేచ్ఛ. పాట నడుస్తున్నంతసేపు ఆ రెండు స్వరాల్ని రెండో బీట్ మీద, నాలుగో బీట్ మీద చిన్నగా తుంచి వాయించండి. సాగదీయకండి.

బ్లూస్ పన్నెండు బార్లలో మూడు పంక్తులు, ఒక్కో పంక్తికి నాలుగు బార్లు. గొంతు మొదటి రెండు బార్లలో చెప్తుంది, మిగతా రెండింటిలో గిటార్ జవాబిస్తుంది. తెలుగు పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పంక్తి చివర సాగదీయాలనిపిస్తుంది, ఆ అచ్చు జవాబు మీదకి ఒరిగిపోతుంది. మూడో బార్ మొదటి బీట్‌కి గొంతు ఆపేయండి. పై బ్యాండ్‌ని జవాబు బార్లలో 2 డీబీ పెంచి, పాట బార్లలో 1 డీబీ తగ్గించండి. కింది బ్యాండ్ ఫేడర్‌ని మాత్రం పాట మొత్తంలో కదపొద్దు. నడక ఎక్కడా పెరగకూడదు, తరగకూడదు.

ఓపెన్ 'ఎ' బాగుందని గొంతుకి నప్పని శ్రుతిలో పాడకండి. 'డి'లో పాడితే అదే ఓపెన్ తీగ ఐదో కార్డుకి మూలం, 'ఇ'లో పాడితే నాలుగోదానికి. 'సి'లో మూలం మూడో ఫ్రెట్‌లో దొరుకుతుంది. 'జి'లో మాత్రం ఏడో తీగ మీద కింది మూలం లేదు, ఆరో తీగ మూడో ఫ్రెట్‌తో సరిపెట్టుకోవాలి.

టెంపో 96 అయితే క్లిక్‌ని (మెట్రోనోమ్) 48కి పెట్టి దాన్ని 2, 4 బీట్లుగా వినండి. నాలుగు బీట్లకీ క్లిక్ పెడితే నడక సైనికుల కవాతులా అయిపోతుంది. క్లిక్ ఒకే చెవిలో, తక్కువ శబ్దంలో ఉంచండి, లేకపోతే పాట ఆగిన చోటల్లా మైక్‌లో టిక్కు టిక్కు వినిపిస్తుంది. కాలితో తాళం వేస్తే టైల్స్ మీదుగా ఆ దెబ్బ మైక్ స్టాండ్ ఎక్కుతుంది. చెప్పులు తీసి, పాదం కింద మడతపెట్టిన దుప్పటి వేసుకోండి.

---

గళం:

రివర్బ్ మాట ఎవరూ అనలేదు. గొంతుకీ గిటార్ పై బ్యాండ్‌కీ ఒకటే చిన్న ప్లేట్ (లోహపు రేకు మోతలాంటి రివర్బ్), 1 సెకను. రివర్బ్‌కి వెళ్ళే దారిలో 250 దగ్గర హై పాస్. కింది బ్యాండ్‌ని దాని జోలికి పంపకండి. చివర్లో మొత్తం మీద కంప్రెసర్ పెట్టేటట్టయితే దాని సైడ్‌చెయిన్‌లో (ఎప్పుడు అణచాలో తేల్చుకోవడానికి అది వినే దారి) 120 హై పాస్ పెట్టాలి. లేకపోతే ఏడో తీగ మోగినప్పుడల్లా గొంతు కిందికి కుంగి మళ్ళీ లేస్తుంది. రికార్డింగ్ 24 బిట్, పీకులు మైనస్ 12 దగ్గర.

ఇందాక చెప్పినదానికి సవరణ. 70 శాంపిళ్ళు 48 కిలోహెర్ట్జ్ ప్రాజెక్టుకి. 44.1లో పని చేస్తుంటే 64.